క్యాషింగ్ ప్రాక్సీ సర్వర్ క్రాష్: కారణ నిర్ధారణ

యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టంలో నడుస్తున్న క్యాషింగ్ ప్రాక్సీ అర్ధాంతరంగా ఆగిపోయినప్పుడు, అది ఎలా ఆగింది, కోడ్‌లో ఎక్కడ ఆగింది, ఆ స్థితికి దారితీసిన లోపం ఏమిటి అనే మూడు ప్రశ్నలకు ఆధారాలతో జవాబు రాబట్టే పనిని క్రాష్ నిర్ధారణ అంటారు. ఈ వ్యాసం ప్రధానంగా స్క్విడ్ సర్వర్‌ను, లినక్స్, ఫ్రీబీఎస్‌డీ వ్యవస్థలను దృష్టిలో పెట్టుకుని రాసినది. వార్నిష్, ఎంజిన్‌ఎక్స్ వంటి ఇతర సర్వర్ల ప్రత్యేకతలు ‘ఇతర సర్వర్లు’ భాగంలో ఉన్నాయి.

నిర్వచనం, పరిధి

బ్రౌజర్‌కూ వెబ్ సర్వర్‌కూ మధ్య ఉండి, అడిగినవారి తరఫున పేజీలు తెచ్చి, వాటి నకళ్లను మెమరీలోనో డిస్క్‌పైనో దాచి, మళ్లీ అదే పేజీ అడిగినప్పుడు దాచిన నకలునే ఇచ్చే సర్వర్ క్యాషింగ్ ప్రాక్సీ. దేన్ని దాచవచ్చు, ఎంతసేపు దాచవచ్చు అన్నది హెచ్‌టీటీపీ ప్రమాణం నిర్దేశిస్తుంది. ఇప్పుడు అమల్లో ఉన్న క్యాషింగ్ నియమాలు 2022లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 9111లో ఉన్నాయి.

క్రాష్ అనే మాటను వాడుకలో చాలా వదులుగా వాడతారు. పేజీలు రాకపోతే చాలు, ప్రాక్సీ క్రాష్ అయిందంటారు. నిర్ధారణలో మాత్రం నాలుగు స్థితులను విడదీయాలి. ప్రాసెస్ బతికే ఉండి జవాబివ్వకపోవడం హ్యాంగ్. జవాబులు ఆలస్యంగా రావడం మందగింపు. సెట్టింగుల తప్పు వల్ల అసలు మొదలే కాకపోవడం ప్రారంభ వైఫల్యం. నడుస్తున్న ప్రాసెస్ హఠాత్తుగా అంతమవడం మాత్రమే క్రాష్. ఒక్కోదానికి వెతికే చోటు వేరు కాబట్టి, ఈ వర్గీకరణ చేయకుండా డీబగ్గర్ తెరవడం వల్ల ప్రయోజనం ఉండదు.

చరిత్ర

వెబ్ తొలి రోజుల్లో దూరదేశాల మధ్య లింకులు ఇరుకు, ఖరీదు ఎక్కువ. క్యాషింగ్ అవసరం అక్కడే పుట్టింది. సెర్న్ సంస్థ హెచ్‌టీటీపీ సర్వర్‌కు ప్రాక్సీ, క్యాషింగ్ సదుపాయాలు చేర్చారు. 1994లో జెనీవాలో జరిగిన తొలి వరల్డ్ వైడ్ వెబ్ సదస్సులో ఆరి లుఓటొనెన్, కెవిన్ ఆల్టిస్ వెబ్ ప్రాక్సీలపై పత్రం సమర్పించారు. దాదాపు అదే కాలంలో కొలరాడో విశ్వవిద్యాలయం, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కలిసి నడిపిన హార్వెస్ట్ పరిశోధన ప్రాజెక్టులో ఒక క్యాష్ సర్వర్ తయారైంది. దాని కోడ్ రెండు దారులు పట్టింది. ఒకటి వాణిజ్య ఉత్పత్తిగా మారింది. రెండోదాన్ని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో డ్యూయేన్ వెసెల్స్ స్క్విడ్ పేరుతో అభివృద్ధి చేశారు. స్క్విడ్ తొలి వెర్షన్ 1996లో వచ్చింది.

స్క్విడ్ రెండో తరం వరకు సీ భాషలో ఉండేది. మూడో తరంలో సీ ప్లస్ ప్లస్‌కు మార్చారు, 3.0 స్థిర వెర్షన్ 2007 చివర విడుదలైంది. 2012లో వచ్చిన 3.2తో, ఒకే సెట్టింగుల ఫైలు కింద అనేక వర్కర్ ప్రాసెస్‌లు షేర్డ్ మెమరీ ద్వారా కలిసి పనిచేసే పద్ధతి మొదలైంది. ఈ రెండు మార్పులూ క్రాష్‌ల తీరును మార్చాయి. భాష మార్పుతో ఆబ్జెక్టుల జీవితకాలానికి సంబంధించిన లోపాలు పెరిగాయి. బహుళ ప్రాసెస్‌లతో షేర్డ్ మెమరీ సమస్యలు కొత్తగా చేరాయి.

భారతదేశంలో ఇంజినీరింగ్ కళాశాలల ల్యాబులు, హాస్టళ్లలో ఇంటర్నెట్ అంటే చాలాకాలం బ్రౌజర్ సెట్టింగుల్లో ప్రాక్సీ చిరునామా, 3128 పోర్టు నంబరు కొట్టుకోవడమే. స్క్విడ్‌కు అది సహజ పోర్టు. హెచ్‌టీటీపీఎస్ సర్వసాధారణమయ్యాక మధ్యలో నకళ్లు దాచే అవకాశం తగ్గింది. అయినా నియంత్రణ, వడపోత, లాగింగ్ అవసరాల కోసం సంస్థలు ఈ సర్వర్లను నడుపుతూనే ఉన్నాయి.

సర్వర్ అంతర్నిర్మాణం

స్క్విడ్ వర్కర్ ప్రాసెస్ ప్రధానంగా ఒకే థ్రెడ్‌పై నడిచే ఈవెంట్ లూప్. వేల కనెక్షన్లను ఒకే లూప్ చూసుకుంటుంది. డీఎన్‌ఎస్ జవాబు కోసమో, అవతలి సర్వర్ డేటా కోసమో అది కూర్చుని ఎదురుచూడదు. జవాబు వచ్చినప్పుడు పిలవాల్సిన ఫంక్షన్‌ను, దానికి అందించాల్సిన ఆబ్జెక్టును నమోదు చేసి ఇంకో పనికి వెళ్లిపోతుంది. ఇలా నమోదైన ఫంక్షనే కాల్‌బ్యాక్.

ఈ పద్ధతికి ఒక సహజ బలహీనత ఉంది. వినియోగదారు ఒక పేజీ అడుగుతాడు. స్క్విడ్ ఆ సైట్ పేరును డీఎన్‌ఎస్‌కు పంపుతుంది. జవాబు రాకముందే అతను ట్యాబ్ మూసేస్తాడు. కనెక్షన్‌కు సంబంధించిన ఆబ్జెక్టును స్క్విడ్ విడుదల చేస్తుంది. ఆ తరువాత డీఎన్‌ఎస్ జవాబు వస్తే, కాల్‌బ్యాక్ చేతిలో ఉన్న చిరునామా ఇప్పుడు ఎవరిదో తెలియని మెమరీ. దీన్ని నివారించడానికి స్క్విడ్‌లో కాల్‌బ్యాక్ డేటా వ్యవస్థ ఉంది. ఆబ్జెక్టును ఎందరు పట్టుకుని ఉన్నారో అది లెక్కపెడుతుంది, యజమాని విడుదల చేసిన క్షణం నుంచి ఆ ఆబ్జెక్టు చెల్లదని గుర్తు పెడుతుంది, చివరి వాటాదారు కూడా వదిలాకే మెమరీని తిరిగి ఇస్తుంది. ఈ రక్షణను దాటిపోయిన ఏ దారి అయినా క్రాష్‌కు దారే.

వర్కర్ పైన మాస్టర్ ప్రాసెస్ ఉంటుంది. వర్కర్ చనిపోతే అదే కొత్తదాన్ని పుట్టిస్తుంది. పదే పదే, త్వరత్వరగా చనిపోతుంటే మాత్రం ఇక లాభం లేదని పుట్టించడం ఆపేస్తుంది. కొత్త వెర్షన్లు సహజ సెట్టింగు ప్రకారం ఒక గంట తర్వాత మళ్లీ ప్రయత్నిస్తాయి. ఈ స్వయం పునఃప్రారంభం సేవకు మేలు, నిర్ధారణకు అడ్డంకి. రోజుకు పలుమార్లు క్రాష్ అవుతున్న ప్రాక్సీ గురించి వినియోగదారులు ‘నెట్ అప్పుడప్పుడు ఆగుతోంది’ అని మాత్రమే చెబుతారు. క్యాష్ లాగ్‌లో ప్రారంభ సందేశాలు ఎన్నిసార్లు వచ్చాయో చూడటం, డిస్క్ నిల్వను పునర్నిర్మిస్తున్నప్పుడు ‘డర్టీ లాగ్’ అనే మాట కనిపిస్తోందేమో చూడటం ఇందుకే అవసరం. ముందటి ప్రాసెస్ సక్రమంగా ముగియలేదని ఆ మాట చెబుతుంది.

మరణ విధానం: సిగ్నల్స్

యూనిక్స్ తరహా వ్యవస్థలో ప్రాసెస్ రెండే రకాలుగా ముగుస్తుంది: తనే ఎగ్జిట్ అయి, లేదా సిగ్నల్ వల్ల. ఏ సిగ్నల్ అన్నది నిర్ధారణలో తొలి మలుపు.

తనది కాని చిరునామాను ప్రాసెస్ తాకితే ప్రాసెసర్‌లోని మెమరీ నిర్వహణ యూనిట్ దాన్ని పట్టుకుని కెర్నల్‌కు చెబుతుంది, కెర్నల్ సిగ్‌సెగ్‌వీ పంపుతుంది. దాని సంఖ్య 11. ప్రోగ్రామే తన అంతర్గత నియమం తప్పిందని గుర్తించి ఆగిపోతే అది సిగ్‌అబర్ట్, సంఖ్య 6. మ్యాప్ చేసిన మెమరీ వెనుక నిజమైన పేజీ దొరకకపోతే వచ్చేది సిగ్‌బస్. దీని సంఖ్య సాధారణ లినక్స్ యంత్రాల్లో 7, ఫ్రీబీఎస్‌డీలో 10. ఫైలు అనుమతించిన పరిమాణం దాటితే సిగ్‌ఎక్స్‌ఎఫ్‌ఎస్‌జెడ్. పెద్ద ఫైళ్ల మద్దతు లేకుండా తయారైన పాత 32 బిట్ సర్వర్లలో లాగ్ ఫైలు 2 జీబీకి చేరగానే ప్రోగ్రాం పడిపోవడానికి ఇదే మూలం. సిగ్‌కిల్, సంఖ్య 9, బయటినుంచి వచ్చేది. దాన్ని ప్రాసెస్ పట్టుకోలేదు, దానికి జవాబుగా ఏమీ రాసుకోలేదు.

కాబట్టి స్క్విడ్ లాగ్ ఒక వాక్యం మధ్యలో తెగి, ఏ ఫాటల్ సందేశమూ లేకుండా ముగిస్తే మొదట చూడాల్సింది స్క్విడ్‌ను కాదు, కెర్నల్ లాగ్‌ను. డీమెసేజ్ ఆదేశం ఇచ్చే పాఠంలో మెమరీ చాలక ఫలానా ప్రాసెస్‌ను చంపినట్టు కనిపిస్తే అది ఓఓఎమ్ కిల్లర్ పని. అక్కడ కోడ్‌లో వెతకాల్సింది ఏమీ లేకపోవచ్చు.

క్రాష్ రకాలు

మెమరీ కొరత. స్క్విడ్‌లో క్యాష్ మెమ్ అనే సెట్టింగును మొత్తం ప్రాసెస్‌కు పరిమితిగా పొరబడటం తరచూ జరుగుతుంది. అది మెమరీలో దాచే వస్తువులకు మాత్రమే పరిమితి. సహజ విలువ 256 ఎంబీ. డిస్క్‌పై దాచిన వస్తువుల సూచిక మొత్తం మెమరీలోనే ఉంటుంది. స్క్విడ్ బృందం ఇచ్చిన అంచనా ప్రకారం 64 బిట్ యంత్రంలో డిస్క్ క్యాష్ ప్రతి జీబీకి సుమారు 14 ఎంబీ సూచికకే పోతుంది. అంటే 500 జీబీ డిస్క్ క్యాష్ పెట్టినవారు, క్యాష్ మెమ్‌ను ఎంత తగ్గించినా, దాదాపు 7 జీబీ పక్కన పెట్టుకోవాలి. క్యాష్ నిండే కొద్దీ సూచిక పెరుగుతుంది కాబట్టి ఈ తప్పు పెట్టిన రోజున బయటపడదు, వారాల తరువాత బయటపడుతుంది. మెమరీ క్రమంగా పెరగడం చూసి లీక్ అనుకునే ముందు ఈ లెక్క వేసి తీరాలి.

అసర్షన్ వైఫల్యం. ‘ఇక్కడ ఈ కనెక్షన్ తెరిచే ఉండాలి’ వంటి నియమాలను స్క్విడ్ రచయితలు కోడ్‌లో అడుగడుగునా రాశారు. నియమం తప్పితే ఫైలు పేరు, వరుస సంఖ్య, తప్పిన నియమం క్యాష్ లాగ్‌లో రాసి ప్రాసెస్ అబర్ట్ అవుతుంది. తప్పుడు డేటాతో కొనసాగడం కంటే ఆగిపోవడం మేలన్న ఆలోచన దీని వెనుక ఉంది. నిర్ధారణకు ఇది అన్నిటికన్నా అనుకూలమైన క్రాష్, ఎందుకంటే లోపం వివరాలు లాగ్‌లోనే ఉంటాయి. ఒక జాగ్రత్త అవసరం: వరుస సంఖ్యలు వెర్షన్ మారితే మారతాయి. నియమం పాఠాన్ని బట్టి పోల్చాలి గానీ సంఖ్యను బట్టి కాదు.

చెల్లని మెమరీ వాడకం. శూన్య పాయింటర్‌ను అనుసరించడం, విడుదలైన మెమరీని వాడటం, కేటాయించిన హద్దు దాటి రాయడం ఇందులోకి వస్తాయి. మొదటిది లోపం ఉన్న చోటే పడిపోతుంది కాబట్టి సులువు. మిగతా రెండింటిలో లోపం ఒకచోట, క్రాష్ ఇంకోచోట. హద్దు దాటి రాసిన క్షణంలో ఏమీ జరగదు. ఆ పాడైన భాగాన్ని మెమరీ కేటాయింపు వ్యవస్థ ఎప్పుడో ముట్టుకున్నప్పుడు, ఏ సంబంధమూ లేని ఫంక్షన్‌లో ప్రాసెస్ పడిపోతుంది. లినక్స్‌లోని సీ లైబ్రరీ జీలిబ్‌సీ కొన్నిసార్లు డబుల్ ఫ్రీ లేదా కరప్షన్ అన్న సందేశంతో తనే అబర్ట్ చేస్తుంది. ఒకే సర్వర్‌లో ప్రతిసారీ వేర్వేరు చోట్ల క్రాష్ అవుతుంటే, అన్నిటికీ ఒకే హీప్ (ప్రోగ్రాం నడుస్తుండగా కేటాయించే మెమరీ) నష్టం కారణమై ఉండవచ్చు. కోడ్‌లో ఆధారం చిక్కకపోతే చెడిపోయిన ర్యామ్‌ను కూడా పరీక్షించాలి.

వనరుల కొరత. డిస్క్ నిండితే లాగ్ రాయలేక స్క్విడ్ ఫాటల్ సందేశంతో ఆగిపోతుంది; సందేశంలో 28 అనే ఎర్రర్ సంఖ్య ఉంటే అది జాగా లేకపోవడమే. బహుళ వర్కర్ల అమరికలో షేర్డ్ మెమరీ చాలకపోతే, ఆ పేజీని తొలిసారి తాకినప్పుడు సిగ్‌బస్ వస్తుంది. మొదట్లోనే షేర్డ్ మెమరీని ర్యామ్‌లో బిగించే సెట్టింగు స్క్విడ్‌లో ఉంది. అది పెడితే కొరత ప్రారంభంలోనే బయటపడుతుంది. బలవంతంగా చంపిన ప్రాసెస్ వదిలిపోయిన పాత షేర్డ్ మెమరీ ఫైళ్లు ‘ఫైల్ ఎగ్జిస్ట్స్’, ఎర్రర్ 17 అంటూ కొత్త ప్రాసెస్‌ను మొదలవనీయకపోవచ్చు. ఫైల్ డిస్క్రిప్టర్ల కొరత మాత్రం క్రాష్ కాదు. క్యాష్‌లో దొరకని ఒక అభ్యర్థన వినియోగదారు వైపు ఒకటి, అసలు సర్వర్ వైపు ఒకటి, డిస్క్ ఫైలుకు ఒకటి చొప్పున మూడు డిస్క్రిప్టర్ల దాకా వాడుకోవచ్చు. లినక్స్‌లో సాధారణ పరిమితి 1024 కావడంతో రద్దీ సమయంలో స్క్విడ్ హెచ్చరిక రాసి కొత్త కనెక్షన్లను ఆపి ఉంచుతుంది. వినియోగదారుకు అది క్రాష్‌లాగే కనిపిస్తుంది.

సహాయక ప్రోగ్రాముల వైఫల్యం. పాస్‌వర్డ్ తనిఖీ, యూఆర్‌ఎల్ మార్పు, సర్టిఫికెట్ తయారీ వంటి పనులకు స్క్విడ్ విడి ప్రోగ్రాములను నడుపుతుంది. అవి వెంటవెంటనే పడిపోతుంటే స్క్విడ్ కూడా ఆగిపోతుంది. హెచ్‌టీటీపీఎస్‌ను విప్పి చూసే అమరికలో సర్టిఫికెట్ డేటాబేస్ పాడవడం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. దాన్ని తొలగించి కొత్తగా సృష్టిస్తే సర్వర్ లేస్తుంది. ఇక్కడ స్క్విడ్ కోర్ ఫైలును (చనిపోయిన క్షణపు మెమరీ నకలును) ఎంత తవ్వినా కారణం దొరకదు. సహాయక ప్రోగ్రాంను స్క్విడ్ యూజర్ ఐడీతో చేత్తో నడిపి చూడాలి.

సాక్ష్య సేకరణ

క్రాష్ జరిగాక దొరికేది, జరగకముందు ఏర్పాటు చేసుకున్నదే. ఈ రంగంలో అత్యధిక సమయం వృథా అయ్యేది ఇక్కడే. మొదటి క్రాష్‌కు ఏ సాక్ష్యమూ మిగలదు, ఏర్పాట్లు చేశాక రెండోదాని కోసం రోజుల తరబడి ఎదురుచూడాల్సి వస్తుంది.

కెర్నల్ లాగ్. లినక్స్‌లో పట్టుకోని సెగ్‌ఫాల్ట్ జరిగితే కెర్నల్ ఒక వరుస రాస్తుంది. అందులో తాకిన చిరునామా, అప్పటి ఆదేశం చిరునామా, స్టాక్ చిరునామా, ఒక ఎర్రర్ సంఖ్య ఉంటాయి. కోర్ ఫైలు లేకున్నా ఈ ఒక్క వరుస ఎంతో చెబుతుంది. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో ఎర్రర్ 4 అంటే యూజర్ ప్రోగ్రాం లేని పేజీని చదవబోయింది, 6 అంటే లేని పేజీలో రాయబోయింది. తాకిన చిరునామా 0 అయితే శూన్య పాయింటర్. హెక్సాడెసిమల్‌లో 18 వంటి చిన్న విలువ అయితే, శూన్య పాయింటర్‌ను ఆబ్జెక్టు అనుకుని దాని మొదలు నుంచి 24 బైట్ల దూరంలోని సభ్యాన్ని అడిగారన్నమాట. ఆ దూరంలో ఏ సభ్యం ఉందో ఆబ్జెక్టు నిర్వచనంలో చూస్తే అనుమానితుల జాబితా బాగా కుదించుకుపోతుంది. స్క్విడ్ మాత్రం ప్రాణాంతక సిగ్నల్స్‌ను తనే పట్టుకుని, క్యాష్ లాగ్‌లో సందేశం రాసి ముగుస్తుంది కాబట్టి ఈ కెర్నల్ వరుస రాకపోవచ్చు. వాటిని పట్టుకోవద్దని చెప్పడానికి పెద్ద అక్షరం సీ ఐచ్ఛికం ఉంది.

కోర్ డంప్. చనిపోయిన క్షణంలో ప్రాసెస్ మెమరీ, రిజిస్టర్ల నకలు ఇది. ప్రాక్సీ సర్వర్లలో కోర్ రాకపోవడానికి కారణాలు ఒకదానిపై ఒకటి పేరుకుని ఉంటాయి. కోర్ పరిమాణ పరిమితి చాలా వ్యవస్థల్లో సహజంగా సున్నా. సిస్టమ్‌డీ కింద నడిచే సేవకు షెల్‌లో పెట్టిన పరిమితి వర్తించదు, సేవ ఫైలులోనే లిమిట్ కోర్ పెట్టాలి. స్క్విడ్ రూట్‌గా మొదలై సాధారణ యూజర్‌గా మారుతుంది. అలా గుర్తింపు మార్చుకున్న ప్రాసెస్‌కు భద్రతా కారణాలతో కెర్నల్ కోర్ రాయదు. లినక్స్‌లో స్యుయిడ్ డంపబుల్, ఫ్రీబీఎస్‌డీలో సుగిడ్ కోర్‌డంప్ అనే కెర్నల్ సెట్టింగులు దీన్ని నియంత్రిస్తాయి. స్క్విడ్‌లో కోర్‌డంప్ డైరెక్టరీ సెట్టింగు చూపే చోట స్క్విడ్ యూజర్‌కు రాసే అనుమతి, తగినంత జాగా ఉండాలి. లినక్స్‌లో కోర్ ప్యాటర్న్ అనే కెర్నల్ సెట్టింగు నిలువు గీతతో మొదలైతే కోర్ ఫైలుగా కాక వేరే ప్రోగ్రాంకు పోతుంది. సిస్టమ్‌డీ అమరికల్లో దాన్ని కోర్‌డంప్ కంట్రోల్ ఆదేశంతో వెలికి తీయాలి. అనేక జీబీల ప్రాసెస్ అయితే అక్కడి పరిమాణ పరిమితి దాటి కోర్ పారేయబడవచ్చు. ఇవన్నీ సరిచూశాక, పరీక్ష సర్వర్‌లో స్క్విడ్ ప్రాసెస్‌కు చేత్తో సిగ్‌అబర్ట్ పంపి కోర్ నిజంగా వస్తోందో లేదో చూడటం ఒక్కటే నమ్మదగిన పద్ధతి.

డీబగ్ లాగ్. స్క్విడ్ కోడ్ అంకెలు ఇచ్చిన విభాగాలుగా ఉంటుంది. హెచ్‌టీటీపీ 11, యాక్సెస్ నియంత్రణ 28, డీఎన్‌ఎస్ 78. ఒక్కో విభాగానికి 0 నుంచి 9 వరకు లాగ్ స్థాయి పెట్టవచ్చు. అన్నిటికీ 9 పెడితే రద్దీ సర్వర్‌లో డిస్క్ నిమిషాల్లో నిండి, అసలు సమస్యపై కొత్త సమస్య చేరుతుంది. అసర్షన్ చూపిన ఫైలు ఏ విభాగానిదో చూసి దానికే స్థాయి పెంచడం సరైన పని. సర్వర్‌ను ఆపకుండానే సిగ్‌యూఎస్‌ఆర్2 పంపి పూర్తి డీబగ్‌ను ఆన్ చేయవచ్చు, మళ్లీ పంపితే ఆఫ్ అవుతుంది.

బ్యాక్‌ట్రేస్ పఠనం

రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాసిన జీడీబీ నేటికీ ఈ పనికి ప్రధాన సాధనం. దానికి రెండు ఇవ్వాలి: క్రాష్ అయిన అదే బైనరీ, దాని కోర్ ఫైలు. ప్యాకేజీ ఈలోగా అప్‌డేట్ అయి ఉంటే చిరునామాలు సరిపోలక, చూడటానికి నిజంలా ఉండే తప్పుడు జాబితా వస్తుంది. డిస్ట్రిబ్యూషన్లు బైనరీల నుంచి సింబల్ సమాచారాన్ని తొలగించి విడి ప్యాకేజీగా ఇస్తాయి కాబట్టి దాన్ని కూడా తెచ్చుకోవాలి. లేకుంటే ఫంక్షన్ పేర్లకు బదులు రెండు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి.

బ్యాక్‌ట్రేస్‌లో 0 అనే ఫ్రేమ్ ప్రాసెస్ చనిపోయిన ఫంక్షన్, 1 దాన్ని పిలిచినది, అలా వెనక్కి. అసర్షన్ క్రాష్‌లో మొదటి రెండు మూడు ఫ్రేములు అబర్ట్, రైజ్ వంటి లైబ్రరీ ఫంక్షన్లే. వాటిని దాటి స్క్విడ్ ఫంక్షన్ మొదలైన చోట ఆగాలి. అక్కడి స్థానిక చరరాశులను, ప్రస్తుత ఆబ్జెక్టును ప్రింట్ చేయాలి.

ముందు చెప్పిన డీఎన్‌ఎస్ సన్నివేశంలో రక్షణ తప్పిందనుకుంటే బ్యాక్‌ట్రేస్ ఇలా ఉంటుంది: అట్టడుగున మెయిన్, పైన ఈవెంట్ లూప్, ఆ పైన కాల్‌బ్యాక్‌ను పిలిచే ఫంక్షన్, దానిపైన డీఎన్‌ఎస్ జవాబును అందుకునే ఫంక్షన్, అన్నిటికన్నా పైన ఆబ్జెక్టు సభ్యాన్ని చదవబోయి పడిపోయినది. ఇందులో ఆ ఆబ్జెక్టును ఎవరు విడుదల చేశారన్న ఆనవాలు ఎక్కడా లేదు. ఆ పని ఈవెంట్ లూప్ మరో చుట్టులో, మరో కాల్‌బ్యాక్‌లో ఎప్పుడో జరిగిపోయింది. స్టాక్‌లో ఉండేది ఈ చుట్టు చరిత్ర మాత్రమే. కాల్‌బ్యాక్‌లపై నడిచే సర్వర్లను డీబగ్ చేయడంలోని అసలు కష్టం ఇదే. పడిపోయిన వరుసలో శూన్య తనిఖీ ఒకటి చేర్చి సరిపెట్టుకుంటే, విడుదలైన పాయింటర్ శూన్యం కాదు కాబట్టి ఆ తనిఖీ దాన్ని ఆపలేదు.

విడుదలైన మెమరీ అని గుర్తించడానికి విలువలే ఆధారం. ఫ్రీబీఎస్‌డీ వాడే మెమరీ కేటాయింపు వ్యవస్థ జెమాలక్‌లో జంక్ నింపే ఐచ్ఛికం పెడితే, విడుదలైన మెమరీలో 5ఏ అనే బైటు వరుసగా నిండుతుంది. పాయింటర్‌ను ప్రింట్ చేసినప్పుడు 5ఏ5ఏ5ఏ అంటూ సాగే చిరునామా కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. ఆప్టిమైజేషన్‌తో తయారైన బైనరీలో చాలా చరరాశులు ఆప్టిమైజ్డ్ అవుట్ అని మాత్రమే చూపిస్తాయి. అప్పుడు దాన్ని పిలిచిన ఫ్రేముల్లో అదే విలువ ఉందేమో వెతకాలి, లేదా ఆప్టిమైజేషన్ లేకుండా మళ్లీ కంపైల్ చేసి నడపాలి.

ఇతర సాధనాలు

విడుదల ఎక్కడ జరిగిందో చెప్పగలిగినవి మెమరీ తనిఖీ సాధనాలు. వాల్‌గ్రిండ్ ప్రతి మెమరీ వాడకాన్నీ పరిశీలించి, తప్పు వాడకం ఎక్కడ, ఆ మెమరీ కేటాయింపు ఎక్కడ, విడుదల ఎక్కడ అని మూడు స్టాక్‌లూ చూపిస్తుంది. ప్రోగ్రాం 20 నుంచి 30 రెట్లు నెమ్మదిస్తుంది కాబట్టి నిజమైన రద్దీలో వాడలేరు. గూగుల్ బృందం రూపొందించిన అడ్రస్ శానిటైజర్ కంపైల్ సమయంలోనే తనిఖీలు చొప్పిస్తుంది; వేగం సుమారు సగానికి తగ్గుతుంది. స్క్విడ్ విషయంలో రెండింటికీ ఒక ముందస్తు షరతు ఉంది. స్క్విడ్ విడుదలైన ఆబ్జెక్టులను వ్యవస్థకు ఇవ్వకుండా తన మెమరీ పూల్స్‌లో పెట్టుకుని తిరిగి వాడుతుంది. ఈ సాధనాల దృష్టిలో ఆ మెమరీ విడుదలే కాలేదు కాబట్టి లోపం కనిపించదు. పూల్స్‌ను సెట్టింగుల్లో ఆపేశాకే పరీక్ష మొదలుపెట్టాలి.

సిస్టమ్ కాల్స్ చూడటానికి లినక్స్‌లో ఎస్‌ట్రేస్, ఫ్రీబీఎస్‌డీలో ట్రస్, కేట్రేస్ ఉన్నాయి. అనుమతులు, దొరకని ఫైళ్లు, షేర్డ్ మెమరీ వైఫల్యాలు వీటిలో వెంటనే తేలతాయి. హీప్ నష్టానికి ఇవి పనికిరావు. మొజిల్లాలో పుట్టిన ఆర్‌ఆర్ సాధనం ప్రోగ్రాం నడకను రికార్డు చేసి వెనక్కి నడపనిస్తుంది. ఆబ్జెక్టు సభ్యంపై కాపలా పెట్టి వెనక్కి వెళితే దాన్ని చివరగా మార్చిన వరుస దగ్గర ఆగుతుంది. ఒకే థ్రెడ్‌పై నడిచే స్క్విడ్ వర్కర్‌కు ఇది ప్రత్యేకంగా సరిపోతుంది.

భద్రతా కోణం

బయటివారు పంపే డేటాతో పనిచేసే సర్వర్ కాబట్టి ప్రాక్సీ క్రాష్‌ను దాడిగానూ అనుమానించాలి. 2023లో ప్రకటించిన సీవీఈ-2023-46728 అనే భద్రతా లోపం ఇందుకు ఉదాహరణ. దాదాపు ఎవరూ వాడని గోఫర్ ప్రోటోకాల్ మద్దతు స్క్విడ్‌లో ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేది. ఆ కోడ్‌లోని శూన్య పాయింటర్ లోపంతో సర్వర్‌ను పడగొట్టవచ్చు. 6.0.1 వెర్షన్‌లో గోఫర్ కోడ్‌నే తీసేశారు. అదే ఏడాది బయటికొచ్చిన సీవీఈ-2023-46847లో, డైజెస్ట్ ప్రామాణీకరణ హెడర్ ద్వారా హీప్‌లో హద్దు దాటి రాయించే వీలుండేది. 2021లో జరిగిన ఒక భద్రతా పరిశీలన స్క్విడ్‌లో 55 లోపాలను గుర్తించింది. 2023లో ఆ వివరాలు వెల్లడించేనాటికి వాటిలో చాలావరకు సవరణ కాలేదు. ఇంత పెద్ద కోడ్‌ను కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలు మోస్తున్నారన్న వాస్తవం దీని వెనుక ఉంది. క్రాష్ సమయానికి ముందరి యాక్సెస్ లాగ్‌లో ఒకే చిరునామా నుంచి అసాధారణ అభ్యర్థనలు పదే పదే వస్తున్నాయేమో చూడాలి. ప్రాసెస్‌ను పడగొట్టిన అభ్యర్థన మాత్రం ఆ లాగ్‌లో ఉండకపోవచ్చు, ఎందుకంటే స్క్విడ్ అభ్యర్థన పూర్తయ్యాకే వరుస రాస్తుంది.

ఇతర సర్వర్లు

వార్నిష్‌ను నార్వే పత్రిక వెర్డెన్స్ గాంగ్ కోసం పౌల్ హెన్నింగ్ క్యాంప్ రూపొందించారు. తొలి వెర్షన్ 2006లో వచ్చింది. ఇందులో మేనేజర్, చైల్డ్ అనే రెండు ప్రాసెస్‌లు ఉంటాయి. చైల్డ్ అసర్షన్‌తో పడిపోతే నియమం, బ్యాక్‌ట్రేస్, అప్పటి అభ్యర్థన వివరాలు కలిపి పానిక్ సందేశంగా మేనేజర్ దాచి ఉంచుతుంది. పానిక్ షో ఆదేశంతో చదవవచ్చు. కోర్ లేకుండానే నిర్ధారణ సాగే ఈ సదుపాయం మెచ్చదగినది. చైల్డ్ నిర్ణీత సమయంలో పలకకపోతే మేనేజరే దాన్ని చంపుతుంది. కాబట్టి డిస్క్ మందగించి ఆలస్యమైనా లాగ్‌లో చైల్డ్ మరణం కనిపిస్తుంది.

ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఎంజిన్‌ఎక్స్‌లో వర్కర్ ఏ సిగ్నల్‌తో ముగిసిందో, కోర్ వచ్చిందో లేదో ఎర్రర్ లాగ్‌లోనే మాస్టర్ రాస్తుంది. కోర్ పరిమితి, డైరెక్టరీ రెండూ సెట్టింగుల ఫైలులోనే పెట్టుకోవచ్చు. బయటి మాడ్యూళ్లు చేర్చిన చోట మొదట వాటిని తీసి చూడటం ఆనవాయితీ. ఇంక్‌టోమి సంస్థలో మొదలై, యాహూ చేతికి వచ్చి, 2009లో అపాచీ ఫౌండేషన్‌కు చేరిన ట్రాఫిక్ సర్వర్‌లో క్రాష్ లాగ్‌ను రాసే విడి ప్రోగ్రాం ఉంది.

నివేదన, సవరణ

లోపాన్ని తెలిసిన లోపాల జాబితాతో పోల్చాక, కొత్తదైతే రచయితలకు నివేదించాలి. వెర్షన్, కంపైల్ ఐచ్ఛికాలు, ఆపరేటింగ్ సిస్టం, అసర్షన్ పాఠం, పూర్తి బ్యాక్‌ట్రేస్, వీలైతే క్రాష్‌ను మళ్లీ పుట్టించే అభ్యర్థన ఇందులో ఉండాలి. కోర్ ఫైలును మాత్రం ఎవరికీ పంపకూడదు. ఆ క్షణంలో ప్రాక్సీ గుండా పోతున్న వారి కుకీలు, పాస్‌వర్డ్‌లు, హెచ్‌టీటీపీఎస్ విప్పే అమరికైతే ప్రైవేటు కీలు కూడా అందులో ఉంటాయి. పూర్తి బ్యాక్‌ట్రేస్‌లో కూడా హెడర్ల తునకలు రావచ్చు కాబట్టి పంపే ముందు చదివి తుడిచేయాలి. పని పూర్తయ్యాక కోర్ ఫైళ్లను తొలగించాలి.

సవరణ వచ్చేదాకా లోపం ఉన్న సదుపాయాన్ని ఆపడం, అనుమానిత అభ్యర్థనలను యాక్సెస్ నియమాలతో అడ్డుకోవడం, మరో ప్రాక్సీకి రద్దీ మళ్లించడం తాత్కాలిక మార్గాలు. డిస్క్ క్యాష్‌ను తుడిచేసి మళ్లీ సృష్టించడం చాలామంది మొదట చేసే పని. నిల్వ సూచిక పాడైన సందర్భంలో అది పనిచేస్తుంది. మిగతా సందర్భాల్లో క్రాష్‌ను పుట్టించిన వస్తువునే తుడిచేసి, దాన్ని తిరిగి పుట్టించే దారిని మూసేస్తుంది. అందుకే తుడిచే ముందు ఆ డైరెక్టరీని వేరే చోటికి తరలించి ఉంచుకోవాలి. సవరించిన వెర్షన్‌ను పరీక్ష సర్వర్‌లో ఆ పాత నిల్వతో, అదే అభ్యర్థనతో నడిపి, క్రాష్ పునరావృతం కాలేదని చూశాకే అసలు సర్వర్‌లో పెట్టాలి.